గొడ్డలి పట్టిన యారీ

మా హోటల్లో భోజనానికి వచ్చి యారీ ఆట చూసినవాళ్లు వేలల్లో ఉంటారు. వాళ్లలో ఆమె మొహం గుర్తుపట్టేవాళ్లు మాత్రం లేరు. ఉరుముల యక్షుడి వేషం కదా, కాగితపు గుజ్జుతో చేసి ఆకుపచ్చ రంగు వేసిన యక్షుడి తల ఆమె మెడదాకా దిగి ఉండేది. ఆట అయ్యాక అతిథులు వేదిక ఎక్కి అప్సరసల పక్కన నిలబడి ఫొటోలు తీయించుకునేవారు. అప్పటికి యారీ ఆ తల తీసి బల్లమీద పెట్టి, చెమటకు నుదుటికి అంటుకున్న జుట్టు వెనక్కి తోసుకుంటూ ఓ పక్కన నిలబడి ఉండేది. ఫొటోలో అడ్డం వస్తున్నావు, కాస్త జరుగమ్మా అని చేత్తో సైగ చేసేవాళ్లు. ఆమె జరిగేది. నాకు ఒళ్లు మండిపోయేది.

"ఇందాక మిమ్మల్ని హడలగొట్టింది ఈవిడేనయ్యా అని చెప్పెయ్యనా?" అనేవాణ్ణి.

"ఎందుకన్నా, వాళ్ల అన్నం చల్లారిపోద్ది" అనేది.

నేను రొనియెత్ వాయిస్తాను. వెదురు పలకల మీద రెండు కర్రలతో వాయించే వాద్యం. సియెం రీప్‌లో నది ఒడ్డునున్న ఆ హోటల్లో వాద్యాల వరుసలో ముందు కూర్చునేది నేనే కాబట్టి వేదిక మీద ఎవరి కాలు ఎక్కడ పడిందో నాకంటే దగ్గరగా చూసినవాడు లేడు. ముందు అప్సరసలు, తర్వాత కొబ్బరిచిప్పల ఆట, ఆ తర్వాత మేఖల, యక్షుడు. మెరుపుల దేవత మేఖల చేతిలో ఒక మణి ఉంటుంది. దానికోసం యక్షుడు గొడ్డలెత్తుకుని వెంటపడతాడు. ఆమె మణిని తళుక్కుమనిపిస్తుంది, వాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి, గొడ్డలి విసురుతాడు, ఉరుము ఉరుముతుంది, మా వరిచేలకి వాన వస్తుంది. వరుణుణ్ణి పిలవడానికి ఆడే ఆట అది. పూర్తిగా ఆడితే చూసేవాళ్లకి ఆకలి పుట్టి, అది చచ్చి, మళ్లీ పుడుతుంది. మా మేనేజరు లీహెంగ్‌కి అంత ఓపిక ఎక్కడిది?

"సూపు తీసెయ్యగానే మొదలెట్టండి, చేపకూర వచ్చేలోగా ముగించండి. ఆ గిరగిరా తిరగడాలు తగ్గించండి, చూస్తూ తినేవాళ్లకి కడుపులో తిప్పుద్ది" అన్నాడు.

కత్తిరించింది యారీయే. ఇంకెవరికీ ముట్టుకోనివ్వలేదు. ఒక సాయంత్రం మమ్మల్ని కూర్చోబెట్టి, ఇక్కణ్ణుంచి ఇక్కడికి వదిలేయండి, ఇక్కడ దుంకండి అని చెప్పింది. చెప్పడం అయ్యాక నీళ్లు కూడా తాగకుండా సైకిలెక్కి వెళ్లిపోయింది. ఆ తర్వాత అతిథులు అదే అసలు ఆట అనుకుని చప్పట్లు కొట్టారు. ఆమె బాధ వాళ్లకేం తెలుసు?

యారీది బకాంగ్ గుడి దాటాక వచ్చే పల్లె. పోల్ పోట్ కాలం ముగిసి, మిగిలినవాళ్లు ఎవరి ఊరు వాళ్లు వెతుక్కుంటున్న రోజుల్లో ఆమె పసిపిల్ల. అదే ఊరికి నారెత్ అనే ఆవిడ వచ్చి చేరింది. ఫ్నోంపెన్ రాజభవనంలో చిన్నతనం నుంచీ యక్షుడి వేషం కట్టినావిడ. ఆటగాళ్లని వెతికి చంపిన ఆ పాడుకాలంలో తనకి ఆట వచ్చని నోరు విప్పి ఎవరికీ చెప్పకుండా, కాలవలు తవ్వి, బురద మోసి బతికి బయటపడింది. తనతో ఆడినవాళ్లు చాలామంది బయటపడలేదు. స్తంభాల మీదున్న తన ఇంటి కింద నేల చదును చేయించి, ఊళ్లో ఆడపిల్లల్ని పోగేసింది.

ఎవరికి ఏ వేషమో గురువే చూసి చెబుతుంది. సన్నని మెడ, గుండ్రని మొహం ఉంటే రాకుమారి. కాస్త పొడుగైతే రాకుమారుడు. యారీ భుజాలు వెడల్పు, పిక్కలు గట్టివి. ఆమెని పైనుంచి కిందికి చూసి, "యక్షుడు" అంది నారెత్.

యారీ భోరుమంది. "నాకు రాకుమారి కావాలి గురువమ్మా!"

"ఆ భుజాలతోనా? నువ్వు రాకుమారివైతే నీ పల్లకీ నువ్వే మోసుకోవాలే" అందట ఆవిడ. "రాకుమారులు కావాల్సినంతమంది దొరుకుతారు. యక్షుడే దొరకడు. వాడు లేకపోతే వాన ఎవరు కురిపిస్తారు, మీ నాన్నా?"

ఇది యారీ నాకు నవ్వుతూ చెప్పింది. యక్షుడికి కాళ్లు రెండువైపులకీ బాగా విప్పి, మోకాళ్లు వంచి, ఆ వంపులోనే నడవాలి. నారెత్ వెదురుబెత్తంతో మోకాళ్ల మీద తట్టి ఇంకా కిందికి, ఇంకా కిందికి అనేది. ఆవిడ యక్షుడిలో ఒక సంగతి ఉంది. మణి తళుక్కుమన్నప్పుడు మిగతా యక్షులందరూ చేతులు అడ్డం పెట్టుకుంటారు. ఈవిడ యక్షుడు ఒక్క క్షణం నవ్వుతాడు. అంత అందమైన వెలుగు చూసి వాడికి సంతోషం. ఆ తర్వాతే కోపం.

"తల తొడుక్కుంటే నవ్వినట్టు ఎలా తెలుస్తది గురువమ్మా?" అని అడిగిందట యారీ.

"నువ్వు లోపల నవ్వవే పిల్లా. భుజాలు చెబుతాయి" అందట.

నేను చూశాను కదా. యారీ భుజాలు చెప్పేవి.

నారెత్ దగ్గర యక్షుడు నేర్చుకున్నవాళ్లలో ఒకతె కుట్టుమిల్లుకి పోయింది, ఇంకొకతె థాయిలాండు పోయి మళ్లీ కబురు లేదు. యారీ ఒక్కతే మిగిలింది. ఆ నవ్వే యక్షుడు ఆమె ఒంట్లో తప్ప ఇంకెక్కడా లేడు. అదీ విషయం. అయితే ఆడటం వేరు, నేర్పడం వేరు. నారెత్ పరంపరలో నేర్పే హక్కు గురువు చేతుల మీదుగా రావాలి. వానలకి ముందు ఒక గురువారం ఉదయం గురుపూజ చేస్తారు. అరటాకుల దొప్పలు, పంది తలకాయ, కొవ్వొత్తులు, మెట్లు మెట్లుగా పేర్చిన వేషాల తలలు. శిష్యురాలు గురువు ముందు కూర్చుని, నేర్చిన ఆట ఎక్కడాడిందో, ఎవరి ముందు ఆడిందో దాచకుండా తన నోటితో చెప్పాలి. గురువు అడగకూడదు. అంతా విన్నాక గురువు యక్షుడి తల తీసి శిష్యురాలి తలమీద పెట్టి, పో, నలుగురికీ పంచు అంటుంది. అది జరక్కుండా నేర్పితే గురుదోషం. ఆ దోషం నేర్పినవాళ్లకి తగలదు. నేర్చుకున్న పిల్లకి తగులుతుంది.

యారీ ఆ నోటితో చెప్పడం దగ్గరే ఆగిపోయేది.

కారణం చిన్నప్పటిది. ఊళ్లో ఏదో పెళ్లిలో, పంది మాంసం ముక్క పెడతారన్న ఆశతో, భోజనాల బల్లల ముందు గొడ్డలి తిప్పి నాలుగడుగులు వేసింది. నారెత్ చూసింది. జుట్టు పట్టుకుని ఇంటికి లాక్కొచ్చి, "కంచాల ముందు గొడ్డలెత్తుతావా?" అంటూ వెదురుబెత్తం విరిగేదాకా కొట్టింది. ఆ మాట యారీ బుర్రలో మేకు దిగినట్టు దిగిపోయింది. పెద్దయ్యాక ఏ పని చేసిందీ? సాయంత్రమయ్యేసరికి కంచాల ముందు గొడ్డలెత్తే పనే. వేరే దారి లేదు. చెల్లెలు పోయింది, చెల్లెలి కూతురు చాన్రియా ఈమె మీద పడింది. పొలం లేదు. ఆట తప్ప చేతిలో విద్య లేదు. అందుకని గురువమ్మ అడిగినప్పుడు, పెద్ద హోటల్లో బట్టలుతికే పని అని చెప్పేసింది.

ప్రతి ఏడూ కబురొచ్చేది. ఈసారి వచ్చి కూర్చోవే అని. యారీ ప్రతి ఏడూ వచ్చే ఏడు అనేది. గురువమ్మని చూడటం మాత్రం మానలేదు. అరటిపళ్లు, తాటిబెల్లం పట్టుకుని పోయేది, కాళ్లు పిసికేది. ఒకసారి నా మోటారుసైకిలు మీద తీసుకెళ్లాను. అరగంట దారి, అంతే. నారెత్ ఎండిన మామిడిచెక్కలా ఉంది, కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి.

"బట్టలుతికే పని ఎలా ఉందే?" అని అడిగింది.

"బానే ఉంది గురువమ్మా."

"ఏదీ, చేతులు చూపించు."

యారీ చూపించింది. ఆవిడ ఆ వేళ్లని ఒక్కొక్కటే వెనక్కి వంచి చూసింది. అవి ఎలా వంగాయంటే, రోజూ సాధన చేసే పిల్లల వేళ్లు కూడా అలా వంగవు.

"మీ హోటలోళ్లు మంచి సబ్బే వాడుతున్నారు" అంది నారెత్. మొహంలో ఒక్క గీత కదల్లేదు.

నేను నవ్వాపుకోలేక దగ్గు నటించాను. తిరిగొచ్చేటప్పుడు, "ఆవిడకి తెలిసిపోయింది యారీ" అన్నాను.

"తెలిస్తే ఊరుకుంటదా? బెత్తం విరిగేది."

"ఆ చేతుల్లో బెత్తం ఎత్తే బలం ఎక్కడుంది?"

"ఆవిడ బలం నీకు తెలీదన్నా" అని ముడుచుకుపోయింది.

మొండిది. మెత్తగా మాట్లాడేవాళ్ల మొండితనం మరీ కష్టం, దెబ్బలాడటానికి కూడా సందివ్వరు.

చాన్రియా పెరిగింది. పెద్దమ్మలాగే వెడల్పు భుజాలు, గట్టి పిక్కలు. రాకుమారి కావాలని ఏడవలేదు ఇది. పుట్టడమే యక్షుడు కావాలని పుట్టినట్టు ఉండేది. చీపురు పట్టుకున్నా గొడ్డలి పట్టినట్టే పట్టేది. హోటల్లో వేషాలు కుట్టే పనికి కుదిరింది. మా నర్తకులకి బట్టలు తొడగరు, ఒంటిమీదే పెట్టి సూదితో కుట్టేస్తారు, ఆట అయ్యాక ఆ కుట్లు తెంపి విప్పుతారు. ఆ పని చేస్తూ తెర పక్కన నిలబడి రోజూ పెద్దమ్మనే చూసేది.

"నాకు నేర్పు పెద్దమ్మా" అని ఒకరోజు నా ముందే అడిగింది. "నాకు కాక ఇంకెవరికి నేర్పుతావ్?"

ఆ మాటతో యారీ కదిలింది. ఆ ఏడు గురుపూజకి వెళ్లి కూర్చుంటానని కబురు పంపింది. తిడితే తిట్టనీ, కొడితే కొట్టనీ, అంతా చెప్పేస్తానంది నాతో. అరటాకులు తెచ్చి దొప్పలు మడిచింది. కొత్త తెల్లబట్టలు కొంది. నేనూ వాద్యం వాయించడానికి వస్తానన్నాను. ఆమెలో అంత తేలిక నేనెప్పుడూ చూడలేదు, భయమూ తేలికా రెండూ కలిసి మొహంలో కనబడేవి.

గురువారం దగ్గరపడ్డాక లీహెంగ్ వచ్చాడు. "ఎల్లుండి మధ్యాహ్నం భోజనాలకి జపాన్ నుంచి పెద్ద గుంపు వస్తోంది. యక్షుడు కావాలని మరీ మరీ అడిగారు" అన్నాడు.

నేను వాడి మీద లేచాను. "గురుపూజ రోజు ఏంటయ్యా? వాళ్లకి కోతి వేషం చూపించుకో!"

యారీ నన్ను ఆపింది. "పర్లేదన్నా. వారమే కదా. వచ్చే గురువారం పెట్టుకుందాం."

ఆమె మొహంలో కోపం రాలేదు. ఊరట కనిపించింది. ఇప్పటికీ అదే నన్ను పొడుస్తుంది. ఇంకో వారం చెప్పక్కర్లేదని ఆమె ప్రాణం కుదుటపడింది. నారెత్ కూడా, వారం ఎంతలే, దొప్పలు కొత్తవి మడుచుకో అని కబురంపింది. జపాన్ వాళ్లు వచ్చారు, తిన్నారు, ఫొటోలు తీసుకున్నారు. ఆ గుంపు విమానం ఎక్కకముందే నారెత్ నిద్దట్లో పోయింది.

దహనానికి ముందు గుడి ఆవరణలో నేను వాయించాను. యారీ తెల్లబట్టలు కట్టుకుని వంటల దగ్గర బియ్యం కడుగుతూ కూర్చుంది. జనంలోకి రాలేదు. నారెత్ కూతురు మొలికా పెద్ద గుండిగలో గంజి కలుపుతోంది. ఆవిడ ఉన్నట్టుండి అంది.

"అమ్మ మీ హోటలుకి వచ్చింది, తెలుసా?"

యారీ చేతులు బియ్యంలో ఆగిపోయాయి.

"చాలా ఏళ్లయింది. మా అబ్బాయి తీసుకొచ్చాడు. వెనక, డ్రైవర్లు తినే బల్ల దగ్గర కూర్చుంది. నీ ఆట మొత్తం చూసింది. ఇంటికొచ్చి ఏమందో తెలుసా? కత్తిరించేసింది దొంగది, కానీ కత్తిరించాల్సిన చోటే కత్తిరించింది, అంది." మొలికా నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. "మీ చేపకూరలో ఉప్పెక్కువైందని కూడా అంది."

"మరి... కంచాల ముందు..." అంది యారీ.

"ఏ కంచాలు?"

"నన్ను కొట్టింది. పెళ్లిలో. కంచాల ముందు గొడ్డలెత్తావని."

మొలికా ఆమెకేసి వింతగా చూసింది. "గొడ్డలికి ఒక్క అగరొత్తి వెలిగించకుండా, చెప్పకుండా ఎత్తుకుపోయావని కొట్టింది. మర్నాడు మాతో అందే! కంచాల ముందు ఆడకూడదా? అమ్మ జన్మంతా ఇంకెవరి ముందాడింది? రాజుగారి విందుకొచ్చినోళ్లు ఉపవాసాలుండి చూశారా? అమ్మ గొడ్డలి విసిరితే ఒక దొరగారి చెంచా సూపులో పడిందని చెప్పి చెప్పి నవ్వేది."

నేనే ఉండబట్టలేక అడిగాను. "మరి పిలిచి చెప్పచ్చు కదమ్మా ఆవిడ? ఇన్నేళ్లూ..."

"నేనూ అదే అన్నాను. గురువు అడగకూడదు, అడిగించుకుని చెప్తే అది చెప్పినట్టు కాదు, అంది. దానంతట అది వస్తది, వచ్చి తీరుద్ది అనేది. ప్రతి ఏడూ యక్షుడి తల దుమ్ము దులిపి, రంగు పోయినచోట అద్ది, పైమెట్టు మీద పెట్టేది. గురువారం అయిపోయాక మళ్లీ గుడ్డ చుట్టి లోపల పెట్టేది."

గుండెలు బాదుకుని ఏడిస్తే బాగుండును అనుకున్నాను. యారీ ఏడవలేదు. "ఏ బల్ల దగ్గర కూర్చుంది?" అని మాత్రం అడిగింది. తర్వాత మళ్లీ బియ్యం కడగడం మొదలుపెట్టింది. ఆ బియ్యం అప్పటికే కడిగినవి.

దహనం అయ్యాక మొలికా యక్షుడి తల ఇవ్వబోతే యారీ తీసుకోలేదు. నా అంతట నేను తీసి పెట్టుకుంటే అది టోపీ అవుద్ది అంది.

చాన్రియాకి మాత్రం ఇవేమీ పట్టలేదు. నేర్పమని పట్టుబట్టింది. ఒక సాయంత్రం అది తెర పక్కన చేతులు తిప్పుకుంటుంటే బొటనవేలు పక్కకి పోతోంది. యారీ నిలవలేక దగ్గరకెళ్లి, ఆ వేలు పట్టుకుని సరిచేసింది. ఒక్క వేలు. ఆ వారమే చాన్రియాకి డెంగీ వచ్చింది. రక్తకణాలు పడిపోయి, ఆసుపత్రిలో చావుతప్పింది. ఆ ఏడు వానలకి సియెం రీప్‌లో సగం ఊరికి డెంగీయే. మా వీధిలో ఇంటికొకరు పడుకున్నారు.

"వాళ్లందరికీ కూడా నువ్వే వేళ్లు సరిచేశావా?" అని కేకలేశాను.

"నా పిల్ల నా వల్ల పోతే నువ్వు తెచ్చిస్తావా అన్నా?" అంది.

ఫ్నోంపెన్‌లో యక్షుడి గురువులు ఉన్నారు, వెళ్లి వాళ్ల దగ్గర కూర్చుని హక్కు తెచ్చుకోమన్నాను. అందరూ అదే చెప్పారు. వాళ్ల యక్షుడు నవ్వడు అంది యారీ. ఒకావిడ బిడ్డనై పుట్టి ఇంకొకావిడని అమ్మా అని పిలవలేను అంది. అప్పట్నుంచి చాన్రియా సాధన చేస్తుంటే యారీ మొహం గోడకి తిప్పుకునేది. చూస్తే తప్పు కనబడుతుంది, కనబడితే నోరు ఊరుకోదు కదా. కానీ ఆమె ఆడుతుంటే చాన్రియా చూడటాన్ని ఆపలేదు. చూసి నేర్చుకుంటే దోషం లేదు, అది నేర్పడం కాదు అని తనకి తాను చెప్పుకుంది. పిల్ల కళ్లు మూయించలేను కదా అని నాతో అంది.

ఏళ్ల తరబడి సిమెంటు వేదిక మీద ఆ వంపులో నడిచి నడిచి, చాన్రియా హోటల్లో చేరేనాటికే యారీ ఎడమ మోకాలు చెడింది. మొదట వాచింది, తర్వాత వంచినప్పుడల్లా పొడిచేది. యక్షుడు మణికోసం తిరగబోయే ముందు ఎడమకాలు నేలనుంచి బాగా పైకి లేచి, గాల్లో ఒక క్షణం నిలిచి, దబ్బున పడాలి. ఆ కాలు లేవడం మానేసింది. ఆమె దాన్ని నేలకి రాసుకుంటూ ఈడ్చి, మడమ మీద తిరిగేది. నొప్పికి లోపల పళ్లు బిగబట్టేది, ఆ తల లోపలినుంచి వచ్చే శబ్దం ముందు వరసలో ఉన్న నాకు వినబడేది. మేము వాద్యగాళ్లం ఆమెకోసం అక్కడ ఊపు తగ్గించాం. పెద్ద డప్పు వాయించేవాడు దెబ్బని కాస్త ఆపి వేసేవాడు. తినేవాళ్లకి తేడా తెలియదు. ఇది యక్షుడి ఠీవి కాబోలు అనుకునేవాళ్లు.

చివరికి డాక్టరు ఇంక ఆడితే కర్ర పట్టుకోవాలి అన్నాడు. లీహెంగ్ పోస్టర్ల మీద యక్షుణ్ణి వేయించుకున్నాడు, ఎలా మానిపిస్తాడు? చాన్రియా వేస్తుందట కదా అన్నాడు. యారీ కాదనలేదు, అవుననలేదు. చాన్రియా ఎగిరి గంతేసింది.

ఆ సాయంత్రం చాన్రియా ఒంటిమీద జరీ చొక్కా యారీయే కుట్టింది. భుజాల దగ్గర కుట్లు వేస్తూ ఒక్కసారి కూడా ఏ అడుగు గురించీ మాట్లాడలేదు. "బిగుతుగా ఉందా?" అని అడిగింది. లేదు అంది పిల్ల. గొడ్డలి ముందు, యక్షుడి తల ముందు అగరొత్తులు వెలిగించి చేతులు జోడించింది. పిల్ల కూడా జోడించింది. తల తనే పెట్టుకుంది.

బల్లలు నిండాయి. సూపు గిన్నెలు తీసేశారు. నేను కర్రలెత్తాను.

ఏం చెప్పమంటారు! చాన్రియా వేదిక మీదికి రాగానే నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆ నడక, ఆ వంపు, ఆ మెడ తిప్పడం అంతా ఉంది. మేఖల మణి తళుక్కుమనిపించింది. చాన్రియా భుజాలు నవ్వాయి. ఎవరూ చెప్పకుండా, ఎవరూ పట్టి చూపించకుండా, ఆ పిల్ల తెర పక్కన నిలబడి అది కూడా పట్టేసింది. నాకు కళ్లు తడిశాయి. పోయిందనుకున్నది పోలేదు, గురువమ్మా, చూడు అనుకున్నాను.

తర్వాత తిరగబోయే చోటు వచ్చింది.

ఇరవై ఏళ్ల పిల్ల. రాయి లాంటి మోకాళ్లు. అది ఎడమకాలు ఎత్తలేదు. నేలకి రాసుకుంటూ ఈడ్చి, మడమ మీద తిరిగింది. పెద్దమ్మ ఎలా చేసేదో అచ్చం అలాగే. ముందుకి కాస్త ఒరిగి, కుడిచేత్తో గొడ్డలిని ఊతంలా నేలకి దించి, అదంతా కూడా ఉంది. డప్పు వాయించేవాడు అలవాటు కొద్దీ దెబ్బ ఆపి వేశాడు. అతికినట్టు సరిపోయింది. నా కర్ర మాత్రం పలక తప్పింది. బల్లల దగ్గర చప్పట్లు మోగాయి.

నేను తెర వైపు చూశాను. యారీ స్తంభం పట్టుకుని నిలబడి ఉంది. అంతకుముందెన్నడూ ఆమె మొహంలో అలాంటి చూపు నేను చూడలేదు, గంజి గుండిగ దగ్గర కూడా చూడలేదు.

ఆట అయ్యింది. అతిథులు ఫొటోల కోసం వేదిక ఎక్కారు. నేను వాద్యం వదిలేసి లోపలికి పరిగెత్తాను. చాన్రియా తల తీసేసి, చెమటలు కారుతూ, నవ్వుతూ నిలబడి ఉంది. యారీ చిన్న కత్తెరతో వీపు మీది కుట్లు తెంపుతోంది.

"చెప్పు" అన్నాను యారీతో. "ఒక్క మాట. అది ఆట కాదని చెప్పు."

"ఏంటి మామయ్యా?" అంది చాన్రియా.

నేను చెప్పచ్చు కదా అంటారు. అది నాది కాదు, ఆ యక్షుణ్ణి గురించి మాట్లాడే హక్కు నాకు అసలే లేదు.

యారీ నావైపు చూడలేదు. ఇంకో కుట్టు తెంపింది.

చాన్రియా ఆయాసపడుతూ మాట్లాడుతోంది. "పెద్దమ్మా, తిరగబోయే ముందు నువ్వు ఎడమకాలు అలా నేలకి రాస్తావు చూడు, అన్నిటికంటే నాకు కష్టమైంది అదే. మిగతావన్నీ తొందరగానే వచ్చేశాయి. అదొక్కటే ఎంతకీ రాలేదు. నెలల తరబడి గదిలో తలుపేసుకుని అదే చేశాను. జనం కూడా అక్కడే చప్పట్లు కొట్టారు, విన్నావా? చెప్పు, వచ్చిందా?"

యారీ చేతిలో కత్తెర ఆగింది. పిల్ల వెన్ను మీద అరచెయ్యి ఆనించింది.

"వచ్చిందమ్మా" అంది.